పెట్టెలో పడేస్తే నడవదు బేటా!

మా భాంజా నౌక్రీ ఒక్క మెయిల్‌తో పోయింది. ఆ మెయిల్ కంపెనీ రాసింది కాదు, వాడే రాసింది. ఒక శుక్రవారం రాత్రి పదకొండున్నరకు "డిప్లాయ్‌మెంట్ అయిపోయింది, అంతా సక్సెస్" అని రాసి, లాప్‌టాప్ మూసి పడుకున్నాడు. ఝూట్ రాయలేదు వాడు. సక్సెస్ అంటే ఏమని ఉస్తాదులు నేర్పారో అదే రాశాడు. ఫైల్ తీసుకెళ్లి సర్వర్‌లో పెట్టమన్న ఫోల్డర్‌లో పెట్టాడు. పెట్టడం అయింది. నడవడం మొదలే కాలేదు.

శనివారం పొద్దున ఆ కంపెనీ గిరాకీలకు బిల్లుల పేజీ తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి మావాడికి ఫోన్ వచ్చింది. సోమవారానికి ఐడీ కార్డు వాపస్ తీసుకున్నారు. వాడు ఆ కంపెనీ పర్మినెంట్ మనిషి కూడా కాదు, మధ్యలో ఒక కాంట్రాక్టర్ పెట్టిన మనిషి. తీసెయ్యడానికి ఎవరికీ పెద్ద తక్లీఫ్ కాలేదు.

మా చెల్లె ఫోన్‌లో ఏడ్చింది. "భాయ్‌జాన్, చిట్టీ ఎత్తి ఫీజు కట్టినం. ఆర్నెల్లు అమీర్‌పేట హాస్టల్ల ఉంచినం. గింత గల్తీకి నౌక్రీ తీస్తరా?"

మొదట నాకూ గుస్సా కంపెనీ మీదే వచ్చింది. మన పేరు చూసి తీసేశారేమో అన్న షక్ కూడా వచ్చింది. అట్లాంటివి జరగవని నేననను. జరిగినప్పుడు రాశాను, రేపు జరిగితే రేపూ రాస్తాను. ఈసారి మాత్రం మన పిల్లలకు తాలీమ్ పేరుతో ఏం అమ్ముతున్నారో, మనం కళ్లు మూసుకుని ఏం కొంటున్నామో రాస్తాను. కొందరు నారాజ్ అవుతారు. అవ్వండి.

భాంజాను ఇంటికి పిలిచాను. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు. వార్తలు కొట్టడానికి తప్ప కంప్యూటర్‌తో నాకు వేరే పని లేదు. "ఆ రాత్రి ఏం చేసినవో నాకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాను.

"పాత జార్ తీసేసిన మామూ. కొత్త జార్ డిప్లాయ్ ఫోల్డర్ల పడేసిన. గంతే."

"పడేస్తే ఏమైతది?"

"నడుస్తది."

"ఎట్ల నడుస్తది?"

"అది... ఆటోమేటిక్ మామూ."

ఆ 'ఆటోమేటిక్' అనే మాట దగ్గరే మావాడి ఆర్నెల్ల కోర్సు, మా చెల్లె చిట్టీ పైసలు రెండూ ఆగిపోయాయి. ఆ మాట వెనక ఏముందో వాడికి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. సరే, ఇద్దరం కలిసి చదువుదాం అన్నాను. మూడు రాత్రులు కూర్చున్నాం. వాడు ఇంగ్లిష్‌లో చదివితే నేను సవాళ్లు అడిగాను. మూడో రాత్రికి మా ఇద్దరికీ విషయం దొరికింది. అది మీక్కూడా చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఒక పిల్లాడో పిల్లో ఇదే పని నేర్చుకుంటూ ఉంటారు.

*

జావా అనేది ప్రోగ్రాములు రాసే ఒక జబాన్. అందులో రాసిన పనిని మూటగా కట్టిన ఫైల్‌ను జార్ అంటారు. అసల్ చూస్తే అది జిప్ ఫైలే. ఆ మూట లోపల మ్యానిఫెస్ట్ అని చిన్న కాగితం ఉంటుంది. మామూలు జార్‌లో ఆ కాగితం మీద పెద్దగా ఏమీ రాసి ఉండదు. ఒక పెద్ద ప్రోగ్రాముకు ఇట్లాంటి మూటలు వందల్లో కావాలి. పాత పద్ధతిలో అన్నిటినీ ఒకే వరుసలో పెట్టి వదిలేసేవారు. పెద్ద హాల్లో పది ఖాందాన్‌ల సామాన్ కుప్ప పోసినట్టు. ఒకే పేరున్న గిన్నెలు రెండుంటే, వరుసలో ఏది ముందుంటే అది చేతికొస్తుంది. అది మీదో, పక్కవాళ్లదో, కొత్తదో, చిల్లు పడ్డదో వంట మొదలయ్యాకే తెలుస్తుంది.

దీనికి ఇలాజ్‌గా వచ్చిందే ఓఎస్‌జీఐ అనే పద్ధతి. 1999లో కొన్ని కంపెనీలు కలిసి సంస్థ పెట్టి దీన్ని మొదలుపెట్టాయి. ఇళ్లలో పెట్టే ఇంటర్నెట్ పెట్టెల్లో, ఆపకుండానే కొత్త పనులు చేర్చడానికి, పాతవి తీయడానికి దీన్ని ఆలోచించారు. 2004లో ప్రోగ్రామర్లు వాడే ఎక్లిప్స్ అనే పనిముట్టు దీని మీదికి మారింది. అపాచే కరాఫ్ అనే కంటైనర్ కూడా దీని మీద కట్టిందే. 2010లో అది అపాచే కింద సొంత ప్రాజెక్ట్ అయింది. మావాడి కంపెనీలో ఉన్నది ఆ కరాఫే.

కంటైనర్ అంటే పాత దేవ్‌డీని యాద్ చేసుకోండి. ఒక పెద్ద దర్వాజా, మధ్యలో సహన్, చుట్టూ పోర్షన్లు. ఒక్కో పోర్షన్‌లో ఒక్కో ఖాందాన్. ఎవరి తాళం వాళ్లది. ఎవరైనా సహన్‌లోకి తెచ్చి పెట్టిన సామాన్ మాత్రమే మిగతావాళ్లు వాడుకోవచ్చు. ఇక్కడ పోర్షన్ పేరు బండిల్. బండిల్ కూడా జార్ ఫైలే, కానీ దాని మ్యానిఫెస్ట్ కాగితం ఖాళీగా ఉండదు. నా పేరు ఇది, నా వర్షన్ ఇది, సహన్‌లో నేను పెట్టేవి ఇవి, సహన్ నుంచి నాకు కావాల్సినవి ఇవి అని రాసి ఉంటుంది. పెట్టేవాటిని ఎక్స్‌పోర్ట్ ప్యాకేజ్ అంటారు, కావాల్సినవాటిని ఇంపోర్ట్ ప్యాకేజ్ అంటారు. ఏ వర్షన్ కావాలో కూడా షరతు రాయొచ్చు. [3.1,4) అని రాస్తే 3.1 నుంచి మొదలుపెట్టి 4 కంటే తక్కువ ఏదైనా ఖబూల్, 4 మాత్రం వద్దు అని అర్థం.

చూశారా, ఇది కిరాయానామా. ఇచ్చేదేంటి, కావాల్సిందేంటి, షరతులేంటి, అన్నీ రాతలో. మన అబ్బాజాన్‌ల జమానా నుంచి ఇళ్లలో ఉన్న హిసాబే. ఇందులో మన దిమాగ్‌కు అందనిది ఏముంది?

ఇప్పుడు ఆ శుక్రవారం రాత్రికి రండి. బండిల్‌ను కంటైనర్‌లో పెట్టగానే దానికి వచ్చే హోదా 'ఇన్‌స్టాల్డ్'. అంటే సామాన్ దేవ్‌డీ గేటు లోపలికి వచ్చింది, అంతే. తర్వాత కంటైనర్ ఆ కిరాయానామా చదువుతుంది. అడిగినవన్నీ, అడిగిన వర్షన్‌లో సహన్‌లో ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే 'రిజాల్వ్డ్'. ఆ తర్వాత మొదలుపెడితే 'స్టార్టింగ్', మొదలై నిలబడితే 'యాక్టివ్'. మా పేపర్ పనితో పోల్చి చెప్పాలంటే, రిపోర్టర్ కాపీ డెస్క్‌కు పంపడం ఒకటి, పేజీలో ఎక్కడం ఇంకొకటి, అచ్చయి గిరాకీ గడప మీద పడటం మరొకటి. కాపీ పంపి "పేపర్ వచ్చేసింది" అని ఏ రిపోర్టరూ అనడు. అంటే వాణ్ని చూసి నవ్వుతారు.

మావాడు పెట్టిన బండిల్ ఇన్‌స్టాల్డ్ దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే బిల్లును పీడీఎఫ్‌గా చేసే ఒక లైబ్రరీ దానికి కావాలి. బండిల్ కట్టినవాళ్ల లాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ 3.1 ఉంది. బండిల్ కట్టే పనిముట్టు దాన్ని చూసి [3.1,4) అని షరతు తానే రాసేసింది. సర్వర్‌లో ఉన్నది మాత్రం పాత 2.8. కంటైనర్ షరతు చదివింది, చుట్టూ చూసింది, కుదరదు అంది. అది కూడా దాచలేదు. లాగ్‌లో సాఫ్‌గా రాసిపెట్టింది. కరాఫ్‌లో 'బండిల్:లిస్ట్' అని కొడితే హోదా కనబడుతుంది. 'బండిల్:డయాగ్' అని కొడితే ఏం దొరక్క ఆగిందో అది కూడా చెప్తుంది. రెండు కమాండ్లు, అర నిమిషం పని. అడిగేవాడు ఉంటే యంత్రం జవాబ్ ఇవ్వడానికి తయారుగా ఉంది.

మావాడికి ఆ రెండు కమాండ్లూ తెలియవు. ఆర్నెల్ల కోర్సులో ఒక్కసారి కూడా ఎవరూ కొట్టి చూపించలేదట. "సార్ ఎప్పుడు చూపించినా నడిచేది మామూ. నడవంది ఎన్నడూ చూపియ్యలే" అన్నాడు.

ఈ ఒక్క మాట చాలు నా ఫిర్యాదుకు. నడిచేదాన్ని చూపించేది తమాషా. నడవనిదాన్ని పట్టుకోవడం నేర్పితేనే తాలీమ్. మన దగ్గర మోటార్ మెకానిక్ ఉస్తాద్ షాగిర్ద్‌కు మొదటిరోజు నుంచీ చెడిన బండే ఇస్తాడు. దర్జీ ఉస్తాద్ తప్పు కుట్టు విప్పించి మళ్లీ కుట్టిస్తాడు. ఆ గల్లీ షెడ్డులో ఉన్న తాలీమ్, ఏసీ గదిలో 'రియల్ టైమ్ ప్రాజెక్ట్' అని బోర్డు పెట్టి వేలకు వేలు వసూలు చేసేచోట లేకపోతే ఆ పైసలు దేనికి తీసుకుంటున్నట్టు?

*

ఇక్కడితో అయిపోతే ఒక పిల్లాడి గల్తీ అనుకుని ఊరుకునేవాణ్ని. తర్వాత జరిగింది వినండి.

శనివారం మధ్యాహ్నం ఒక సీనియర్ వచ్చి పదిహేను నిమిషాల్లో పేజీ తెరిపించాడు. అందరూ వాహ్ వాహ్ అన్నారు. ఆయన చేసిందేంటి? సర్వర్‌లోకి 3.1 తెచ్చి పెట్టలేదు. కిరాయానామాలో ఆ పీడీఎఫ్ లైబ్రరీ ఎదురుగా 'ఆప్షనల్' అని రాశాడు. అంటే దొరికితే సరే, దొరక్కపోయినా పర్వాలేదు అని. కంటైనర్ ఆ మాట నమ్మింది. బండిల్ యాక్టివ్ అయింది. నెలాఖరు రాత్రి వేల బిల్లులు పీడీఎఫ్ చేసే పని మొదలైంది. క్లాస్ దొరకడం లేదని ఎర్రర్ కొట్టి పని ఆగిపోయింది. మావాడి పాత దోస్త్ ఒకడు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సీనియర్ నౌక్రీకి ఏమీ కాలేదు.

కావాల్సినదాన్ని 'ఉంటే ఉండనీ లేకపోతే పోనీ' అని రాయడం కిరాయానామాలో ఝూట్ రాయడమే. ఆప్షనల్ అనేది ఉత్తినే పెట్టలేదు. నిజంగానే ఒక సదుపాయం లేకపోయినా పని నడిచేచోట, అది లేనప్పుడు ఏం చేయాలో కోడ్‌లో రాసుకున్నవాడు వాడుకోవాలి. ఎర్రర్ నోరు మూయించడానికి వాడితే, రాత్రి పదకొండున్నరకు కనబడాల్సిన గల్తీ నెలాఖరుకు వాయిదా పడుతుంది. ఇట్లాంటి దొంగదారులు ఇంకా ఉన్నాయి. ఏం కావాలో రాయకుండా 'అప్పటికప్పుడు ఏది దొరికితే అది' అని నక్షత్రం గుర్తు పెట్టేదొకటి. అన్ని లైబ్రరీలనూ తన మూటలోనే కుక్కేసి ఎవరితో పనిలేదనేది ఇంకొకటి. మూడూ ఇంటర్నెట్‌లో 'పరిష్కారం' పేరుతో దొరుకుతాయి. మన పిల్లలు వాటిని కాపీ కొట్టి సీనియర్లు అవుతున్నారు.

అన్నిటినీ ఒకే మూటలో కుక్కితే ఏమవుతుందో 2021 డిసెంబర్‌లో దునియా అంతా చూసింది. లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో పెద్ద రంధ్రం బయటపడింది. ప్రోగ్రాము తన రోజువారీ హిసాబ్ రాసుకోవడానికి వాడేది అది. దాని గుండా బయటివాడు సర్వర్‌లో తనకిష్టమైన కోడ్ నడిపించొచ్చు. ప్రమాదానికి ఇచ్చే మార్కుల్లో దానికి పదికి పది పడ్డాయి. బాగుచేసిన వర్షన్ వచ్చింది కూడా. అసలు ముసీబత్ వేరే చోట ఉంది. ఆ లైబ్రరీ తమ దగ్గర ఉందో లేదో చాలా కంపెనీలకు తెలియదు. మూటలో మూట, ఆ మూటలో ఇంకో మూట, అందులో అది. పండుగల రోజుల్లో ఇంజనీర్లు రాత్రులు మేల్కొని ఫైళ్లు విప్పి వెతికారు. ఓఎస్‌జీఐ వాడితే ఆ రంధ్రం పడేది కాదని నేననడం లేదు. ఇంట్లో ఏ సామాన్ ఎక్కడుందో ఫెహరిస్తు రాసుకున్నవాడు వెతకడానికి అంత పరేషాన్ కాడు, అంతే.

*

కంపెనీని వదిలేశానని అనుకోకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీలో ఏం జరిగిందో చూడండి. అది ఈ కంటైనర్ కథ కాదు గానీ, గల్తీ మావాడి గల్తీకి సగా భాయి. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాల్సి ఉండగా ఏడింట్లోనే పెట్టారు. ఎనిమిదోదాన్ని టెక్నీషియన్ మరిచిపోయాడు. ఏళ్ల కిందట వాడకం మానేసిన పాత కోడ్ అందులో అట్లాగే పడి ఉంది. కొత్త పని కోసం పెట్టిన గుర్తు ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్‌ను నిద్ర లేపింది. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో లక్షల ఆర్డర్లు వెళ్లిపోయాయి. చివరికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

అక్కడి షేర్ మార్కెట్ల నిఘా సంస్థ 2013 అక్టోబర్‌లో ఆర్డర్ ఇచ్చింది. టెక్నీషియన్ పెట్టిందాన్ని రెండో మనిషి చూడలేదు. చూడాలని కంపెనీలో రాతపూర్వక నియమమే లేదు. మార్కెట్ తెరవకముందే ఎర్రర్ గురించి 97 మెయిళ్లు వచ్చినా ఎవరూ కదలలేదు. జుర్మానా 1 కోటి 20 లక్షల డాలర్లు పడింది, అది పడింది కంపెనీ మీద.

కాబట్టి మావాణ్ని తీసేసిన కంపెనీకి నా సవాల్ ఇది. శుక్రవారం రాత్రి ఒంటరి పిల్లాడి చేతికి అసలు సర్వర్ తాళం ఇచ్చింది ఎవరు? రెండో మనిషి ఎక్కడ? డిప్లాయ్ ఫోల్డర్ అనేది ఇంట్లో కూర్చుని ట్రయల్ చేసుకోవడానికి బాగుంటుంది. కరాఫ్ దాన్ని చూస్తూ ఉంటుంది, ఫైల్ పడగానే ఎత్తుకుంటుంది. గిరాకీల బిల్లులు నడిచే సర్వర్‌కు మాత్రం 'ఫీచర్' అనే ఫెహరిస్తు రాయాలి. ఏయే బండిల్స్, ఏయే వర్షన్లు, ఏయే సెట్టింగులు అని అందులో ఉంటాయి. అదే ఫెహరిస్తును ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూడాలి. ఆ తర్వాతే అసలుదాంట్లో పెట్టాలి. లాప్‌టాప్‌లో 3.1, సర్వర్‌లో 2.8 అనే మాట గురువారమే బయటపడేది. పాతదాన్ని పక్కన ఉంచుకుని, తేడా వస్తే వెనక్కి తిప్పడం ఎట్లాగో ముందే రాసుకోవాలి. ఇవేవీ లేని చోట గల్తీ ఎప్పుడూ అందరికన్నా చిన్న మనిషి మీదే పడుతుంది. ఆ చిన్న మనిషి చాలాసార్లు మన పిల్లాడే అవుతాడు.

*

ఇది ఒకరిద్దరు దోస్తులకు చెప్తే మూడు రకాల జవాబులు వచ్చాయి.

ఒకటి: "భాయ్, ఓఎస్‌జీఐ పాత జమానా ముచ్చట. ఇప్పుడంతా స్ప్రింగ్ బూట్, డాకర్, కుబర్నెటీస్." సగం సచ్. ఓఎస్‌జీఐ అన్ని చోట్లా గెలవలేదు. స్ప్రింగ్ వాళ్లే దీని మీద డీఎం సర్వర్ అని ఒకటి కట్టి, 2010లో దాన్ని ఎక్లిప్స్‌కు అప్పగించి పక్కకు జరిగారు. చిన్న పనికి ఇంత లెక్కాపత్రం బరువే. అయితే డాకర్‌లోకి వెళ్లినా సవాల్ మారిందా? కుబర్నెటీస్‌లో 'రన్నింగ్' ఒకటి, 'రెడీ' ఇంకొకటి. రన్నింగ్ అని కనబడగానే మెయిల్ కొట్టేవాడు అక్కడా ఇదే గుంతలో పడతాడు. 2017లో వచ్చిన జావా 9 తన సొంత మాడ్యూళ్లు తెచ్చింది. అందులోనూ 'నాకివి కావాలి, నేనివి ఇస్తాను' అనే రాసుకోవాలి. పనిముట్టు పేరు ఐదేళ్లకోసారి మారుతుంది. పేరు నేర్చుకున్నవాడు ఐదేళ్లకోసారి మళ్లీ ఫీజు కడతాడు. సంగతి నేర్చుకున్నవాడు పేరు మారినప్పుడు ఒక వారం కూర్చుని చదువుకుంటాడు.

రెండోది: "మనోళ్లకు ఇంగ్లిష్ రాదు, అందుకే వెనకబడుతున్నారు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లిష్ కావాలి, కాదనను. ఆ మ్యానిఫెస్ట్ ఇంగ్లిష్‌లోనే ఉంది. కానీ ఉర్దూ మీడియం చదివిన నేను, నలభై దాటాక, మూడు రాత్రుల్లో సమజ్ చేసుకున్నాను. మావాడు ఇంగ్లిష్ మీడియమే. ఇంటర్మీడియట్, ఇంజనీరింగ్, కోర్సు అన్నీ ఇంగ్లిష్. వాడికి లేనిది ఇంగ్లిష్ కాదు. 'ఎందుకు' అని అడిగే ఆదత్ లేదు. ఆ ఆదత్‌ను స్కూల్లో మార్కులు, కోర్సులో నోట్సు, ఇంట్లో మనం కలిసి చంపేశాం. సహన్ అన్నా, కిరాయానామా అన్నా, షరతు అన్నా వాడి కళ్లల్లో వెలుగొచ్చింది. అదే విషయాన్ని ఆర్నెల్లు ఇంగ్లిష్‌లో విని వల్లె వేశాడు. మన ఇంటి జబాన్‌లో చెప్తే ఇల్మ్ తక్కువైపోతుందా? పాఠం చెప్పే మనవాళ్లే, ఇంట్లో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్లే, క్లాసులోకి పోగానే ఎందుకు నత్తి ఇంగ్లిష్‌లోకి దిగుతారు?

మూడోది: "మార్కెట్ అడిగేది సర్టిఫికెట్. సెంటర్ వాళ్లు ఏం చేస్తారు?" సర్టిఫికెట్ అడిగేది లోపలికి వచ్చేటప్పుడు. లోపల ఉండాలంటే ఏమడుగుతారో మా చెల్లె చూసింది.

ఇక మన సంగతి. సెంటర్లను తిట్టి చేతులు దులుపుకుంటే బేఇమానీ అవుతుంది. వాడు కోర్సులో చేరిననాటి నుంచి నేనూ, చెల్లె, బావా వాణ్ని ఏం అడిగాం? "ఎప్పుడు అయిపోతది?" "ప్యాకేజ్ ఎంతిస్తరు?" దావత్‌లలో నలుగురి ముందు "మా భాంజా సాఫ్ట్‌వేర్" అని గర్వంగా చెప్పుకున్నాను. వాడు అసలేం చేస్తాడని ఒక్కనాడు అడగలేదు. "నీకు తెల్వదు లే మామూ" అంటాడని భయం. వాడు ఒక్కసారి నాకు వివరంగా చెప్పాల్సి వచ్చి ఉంటే, 'ఆటోమేటిక్' దగ్గర ఆనాడే ఆగేవాడు. మనం సవాల్ అడగకపోవడాన్ని వాళ్ల మీద భరోసా అనుకున్నాం. అది మన జిమ్మేదారీ ఎగ్గొట్టడం.

కాబట్టి ఈసారి ఫీజు కట్టే ముందు డెమో క్లాసుకు పిల్లలతో పాటు మీరూ వెళ్లండి. అమ్మీలు వెళ్లినా సరే, అంతకన్నా మేలు. సిగ్గుపడకుండా నాలుగు సవాళ్లు అడగండి. నడవని ప్రోగ్రామును ముందు పెట్టి బాగుచేయిస్తారా? పెట్టిన తర్వాత నడుస్తోందని ఎట్లా తెలుసుకోవాలో నేర్పుతారా? అది ఏమేం అడుగుతోందో, ఏమేం ఇస్తోందో ఆ కాగితం చదవడం నేర్పుతారా? తేడా కొడితే పాతదానికి ఎట్లా తిప్పాలో చూపిస్తారా? ఈ నాలుగింటికి జవాబ్ ఇవ్వలేక ప్లేస్‌మెంట్ ఫొటోల బోర్డు వైపు చెయ్యి చూపించే చోట ఒక్క రూపాయి కట్టకండి.

ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి, నేర్చుకున్నది మీ జబాన్‌లో చెప్పమనండి. చెప్పలేకపోతే తిట్టకండి. వాళ్లతో కలిసి ఆ ముక్క దాకా మీరూ వెళ్లండి. కంప్యూటర్ ఇంజనీరింగ్ చేసి కొలువులో ఉన్న మన భాయీలూ, బహెన్‌లూ ఎందరో ఉన్నారు. వారానికి రెండు గంటలు మొహల్లాలో ఒక గదిలో కూర్చుని, కరాఫ్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి, చెడగొట్టి బాగుచేసే క్లాస్ పెట్టలేరా? దీనికి చందాలు అక్కర్లేదు. రెండు పాత లాప్‌టాప్‌లు, కొంచెం సబర్ చాలు.

మావాడికి మూడు నెలల తర్వాత ఒక చిన్న ఆఫీసులో నౌక్రీ దొరికింది. జీతం మునుపటికన్నా తక్కువ. ఇంటర్వ్యూలో పాత నౌక్రీ ఎందుకు పోయిందని అడిగితే, దాచకుండా ఇన్‌స్టాల్డ్‌కూ యాక్టివ్‌కూ తేడా చెప్పి, ఆప్షనల్ కథ కూడా చెప్పాడట. అవతలి పెద్దమనిషి చాయ్ తెప్పించి ఇంకో అరగంట మాట్లాడాడట.

మొన్న చెల్లె వాళ్లింట్లో ఉన్నాను. రాత్రి పదింటికి వాడు లాప్‌టాప్ ముందు ఉన్నాడు. చెల్లె రోటీ ప్లేటు పక్కన పెడుతూ అడిగింది: "పెట్టినవా బేటా?"

"పెట్టిన అమ్మీ."

"నడుస్తుందా మరి?"

"ఆగు, చూస్తున్న" అన్నాడు వాడు.